ఖాళీ 72 జీబీ ఉంది, 48 జీబీ వీఎం మాత్రం లేవడం లేదు

హంద్రీ_గట్టు (కర్నూలు) · సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదివి వెళ్లిపోయేవాణ్ణే, అడగడం ఇదే మొదటిసారి. ఫోన్‌లో తెలుగు కీబోర్డు ఒక్కటే ఉంది కాబట్టి కమాండ్లు కూడా పలికినట్టే రాస్తున్నా, ఏమనుకోకండి.

మాది కర్నూలులో చిన్న ఆఫీసు. ఆదోని పత్తి మార్కెట్‌లో కమీషన్ అంగళ్ల వాళ్లకు లెక్కల సాఫ్ట్‌వేర్ నడుపుతాం. ఏ రైతు ఎన్ని క్వింటాళ్లు తెచ్చాడు, ఏ జిన్నింగ్ మిల్లు ఎంతకు పాడింది, ఎవరికి ఎంత బాకీ, అంతా అందులోనే. క్లౌడ్ అద్దెలు మోయలేక మూడు సర్వర్లు కొని, ఒక్కో సర్వర్‌ను వీఎంలుగా, అంటే లోపల నడిచే చిన్న కంప్యూటర్లుగా పంచే ఓపెన్‌స్టాక్ పెట్టుకున్నాం. ఒక్కో సర్వర్‌లో రెండు సాకెట్లు (రెండు ప్రాసెసర్లు), సాకెట్‌కు 16 కోర్లు, కోర్‌కు రెండు చొప్పున మొత్తం 64 థ్రెడ్లు, 256 జీబీ ర్యామ్.

పత్తి సీజన్‌లో సాయంత్రం నాలుగు దాటితే చాలు, డేటాబేస్ వీఎం నత్తనడక నడుస్తుంది. మెమరీకి హ్యూజ్ పేజీలు, అంటే మామూలు 4 కేబీ ముక్కలకు బదులు పెద్ద ముక్కలు, పెట్టి చూడమని తెలిసినాయన చెప్పాడు. సరేనని ఒక సర్వర్‌ను ప్రయోగానికి తీసుకున్నా. 2 ఎంబీ పేజీలు 1,02,400 కేటాయించా, అంటే 200 జీబీ. మిగతా 56 జీబీ హోస్ట్‌కే, అంటే వీఎంలను మోసే అసలు సర్వర్‌కే వదిలేశా. వీఎం కొలతలు రాసే ఫ్లేవర్‌లో "హెచ్‌డబ్ల్యూ:మెమ్_పేజ్_సైజ్=2048" అని రాశా. డేటాబేస్ (పోస్ట్‌గ్రెస్) వీఎం 64 జీబీ, రిపోర్టుల వీఎం 64 జీబీ, రెండూ చక్కగా లేచాయి. మూడోది పాత సంవత్సరాల లెక్కలు చూసుకోవడానికి, 48 జీబీ, 12 వీసీపీయూలు (వీఎంకు కనిపించే ప్రాసెసర్లు). అది మాత్రం "నో వాలిడ్ హోస్ట్ వాజ్ ఫౌండ్" అంటోంది, పెట్టడానికి తగిన సర్వర్ లేదట.

లినక్స్ మెమరీ లెక్క చూపే మెమ్‌ఇన్ఫోలో చూస్తే హ్యూజ్ పేజీలు 36,864 ఖాళీ. అంటే 72 జీబీ. 48 జీబీకి 24,576 చాలు కదా? రెండు రోజులుగా తల పగిలిపోతోంది.


నల్లరేగడి (ఎమ్మిగనూరు) · సోమవారం రాత్రి 9:58

మీ ప్రశ్నకు జవాబు వేరేవాళ్లు చెబుతారులే గానీ, నాది ఇంకో ప్రశ్న. సాయంత్రం నాలుగుకు నెమ్మదించడానికి కారణం మెమరీ పేజీలేనని ఎవరు తేల్చారు? డిస్క్ కావచ్చు, ఇండెక్స్ లేని క్వెరీ కావచ్చు, అందరూ ఒకేసారి లెక్క మూసుకుంటున్నారేమో. జ్వరం ఎంతుందో చూడకుండా సూది వేయించుకున్నట్టుంది.


గుత్తికోట (అనంతపురం) · సోమవారం రాత్రి 10:15

రేగడి అన్న అడిగింది న్యాయమే, దానికి తర్వాత వద్దాం. ముందు నీ 72 జీబీ సంగతి. మెమ్‌ఇన్ఫో చూపేది మొత్తం సర్వర్ లెక్క. అది వద్దు. సిస్ కింద డివైసెస్, సిస్టమ్, నోడ్ ఫోల్డర్లోకి పో. నోడ్0, నోడ్1 అని రెండుంటాయి. ఒక్కోదాంట్లో హ్యూజ్‌పేజెస్-2048కేబీ కింద ఫ్రీ_హ్యూజ్‌పేజెస్ ఎంతుందో ఇక్కడ పెట్టు. "నూమాసీటీఎల్ --హార్డ్‌వేర్" కూడా కొట్టి ఏమొచ్చిందో చెప్పు.


హంద్రీ_గట్టు · సోమవారం రాత్రి 10:31

అన్నా, నోడ్0లో 18,432. నోడ్1లో 18,432. హార్డ్‌వేర్ కమాండులో రెండు నోడ్లు చూపిస్తోంది, చివర్లో దూరాల పట్టికలో 10, 21 అని అంకెలున్నాయి.


గుత్తికోట · సోమవారం రాత్రి 11:05

నేననుకున్నదే. ఇప్పుడు నిదానంగా చదువు.

నీ సర్వర్ ఒకటే పెట్టె కావచ్చు, లోపల మాత్రం రెండిళ్లు. ఒక్కో సాకెట్‌కు దాని సొంత మెమరీ ఉంటుంది. ఆ సాకెట్‌ను, దాని మెమరీని కలిపి న్యూమా నోడ్ అంటారు. పట్టికలో 10 అంటే సొంతింటి మెమరీ, 21 అంటే పక్కింటిది. అవి మిల్లీసెకన్లు కావు, పోలిక అంకెలు. సాకెట్ 0 మీద నడిచే పని సాకెట్ 1 మెమరీని అడిగితే రెండింటి మధ్య లింకు దాటి తెచ్చుకోవాలి. మీ ఊరి లెక్కలో చెప్పాలంటే ఇల్లు హంద్రీకి ఇటు, గోదాం హంద్రీకి అటు. వంతెన ఉంది, పోవచ్చు, కానీ ప్రతి బస్తాకూ దాటాల్సిందే.

నువ్వు కేటాయించిన 1,02,400 పేజీలను లినక్స్ రెండు నోడ్లకూ సమంగా పంచింది, ఒక్కోదానికి 51,200. మొదటి వీఎం నోడ్0లో 32,768 తినేసింది. రెండోదానికి అక్కడ చోటు చాలక నోడ్1లో 32,768 తీసుకుంది. మిగిలింది రెండువైపులా 18,432, అంటే 36 జీబీ చొప్పున.

అసలు కిటుకు ఇక్కడ. ఫ్లేవర్‌లో పేజీ సైజు రాస్తే పేజీ ఒక్కటే మారుతుందని అందరం అనుకుంటాం. నేనూ మూడేళ్లు అట్లాగే అనుకున్నా. నిజానికి ఆ ఒక్క గీత రాయగానే నోవా, అంటే ఓపెన్‌స్టాక్‌లో వీఎంలను పుట్టించే భాగం, ఆ వీఎంకు ఒక న్యూమా నోడ్‌ను తగిలించేస్తుంది. నువ్వు అడగలేదు, అయినా తగిలిస్తుంది. ఇక ఆ వీఎం మెమరీ మొత్తం, వీసీపీయూలు మొత్తం హోస్ట్‌లో ఒకే నోడ్‌లో పట్టాలి. 48 జీబీ 36లో పట్టదు. ఏ వీఎం ఎక్కడో తేల్చే షెడ్యూలర్‌లోని న్యూమాటోపాలజీ ఫిల్టర్ ఆ సర్వర్‌ను కొట్టేసింది. మిగతా రెండు సర్వర్లలో హ్యూజ్ పేజీలే లేవు, అవీ పోయాయి. ఆఖరికి ఏ హోస్టూ మిగల్లేదు.

మూడో వీఎం ఫ్లేవర్‌లో "హెచ్‌డబ్ల్యూ:నూమా_నోడ్స్=2" అని పెట్టు. అప్పుడు 24 జీబీ ఇటు, 24 అటు, ఒక్కోవైపు 12,288 పేజీలు. వీసీపీయూలు ఆరు, ఆరు. సమంగా భాగించలేని అంకె ఇస్తే మాత్రం నోవా ఒప్పుకోదు, ఏ నోడ్‌కు ఎంతో విడిగా రాయాలి.


కొత్త_విత్తు (అనంతపురం) · మంగళవారం ఉదయం 7:20

సార్, నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. పేజీ చిన్నదైతే ఏంటి, పెద్దదైతే ఏంటి? ఉన్న ర్యామ్ అంతే కదా? ఎందుకింత గొడవ?


పుష్పగిరి (కడప) · మంగళవారం ఉదయం 8:45

నేను డేటాబేస్ మనిషిని, సర్వర్ల మనిషిని కాదు, కానీ ఈ ప్రశ్న నాకిష్టం. నాన్నగారి పొలం కాగితాల కోసం ఈ మధ్య తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరిగినదాన్ని కాబట్టి అట్లాగే చెబుతా.

ప్రోగ్రాం వాడే మెమరీ చిరునామా నిజమైనది కాదు. దాన్ని అసలు చిరునామాగా మార్చే రిజిస్టర్ ఒకటుంది, పేజ్ టేబుల్. ఇంటెల్, ఏఎండీ 64 బిట్ ప్రాసెసర్లలో ఒక పేజీ మామూలుగా 4 కేబీ. రిజిస్టర్ నాలుగు అంచెలు. ఒక చిరునామా తేల్చాలంటే నాలుగు పుస్తకాలు తిరగేయాలి. రోజూ అంత తిరగలేరు కాబట్టి ప్రాసెసర్ ఈమధ్య చూసిన చిరునామాలను టీఎల్‌బీ అనే చిన్న చీటీలో రాసి పెట్టుకుంటుంది. చీటీలో దొరికితే క్షణం. దొరకకపోతే మళ్లీ పుస్తకాలే.

64 జీబీని 4 కేబీ ముక్కలు చేస్తే 1,67,77,216 ముక్కలు. 2 ఎంబీ ముక్కలైతే 32,768. చీటీలో పట్టే గీతలు పరిమితం. గీతకు 4 కేబీ గుర్తుంచుకోవడం వేరు, గీతకు 2 ఎంబీ గుర్తుంచుకోవడం వేరు. వేరుశనగ గింజల్లెక్కన లెక్కపెట్టడానికీ బస్తాల్లెక్కన పెట్టడానికీ ఉన్న తేడా.

వీఎం అనేసరికి బాధ రెట్టింపు కాదు, ఇంకా ఎక్కువ. మన రీసర్వే లాంటిది. నీ దగ్గరున్నది పాత సర్వే నంబరు. ఆఫీసులో ఇప్పుడు చెల్లేది రీసర్వేలో కొత్తగా ఇచ్చిన ఎల్‌పీఎం నంబరు. వీఎంలోని లినక్స్ చెప్పే ప్రతి చిరునామా పాత నంబరే. దాన్ని హోస్ట్ రిజిస్టర్‌లో మళ్లీ కొత్త నంబరుగా మార్చాలి. పైగా వీఎం రిజిస్టర్ పుస్తకాలు ఎక్కడున్నాయో చెప్పే చిరునామాలు కూడా పాత నంబర్లే! అంటే వీఎం అంచె ఒక్కొక్కటి చదవడానికి ముందు హోస్ట్ అంచెలు నాలుగూ తిరగాలి. నాలుగు అంచెలకు ఐదు చొప్పున 20, చివరి చిరునామాకు ఇంకో 4. మొత్తం 24 సార్లు మెమరీని తాకాలి, చీటీలో దొరకని ఒకే ఒక్క చిరునామా కోసం. ఇది చెడ్డరోజు లెక్క. మధ్యలో దాచుకునే క్యాష్‌లు ఉంటాయి కాబట్టి రోజూ ఇంత కాదు.

2 ఎంబీ పేజీ పెడితే ఒక అంచె తగ్గుతుంది. హోస్ట్‌లో మాత్రమే పెడితే 24 కాస్తా 19 అవుతుంది. వీఎం లోపల కూడా పెడితే 15.

హంద్రీ తమ్ముడూ, ఆ చివరి మాట నీకే. నువ్వు హోస్ట్‌లో పెట్టావు. వీఎం లోపల పోస్ట్‌గ్రెస్ ఏం వాడుతోందో చూశావా?


కొత్త_విత్తు · మంగళవారం ఉదయం 9:02

అక్కా, ఇంత బాగా మా క్లాసులో చెప్పలేదు. అయితే 1 జీబీ పేజీలు కూడా ఉన్నాయంట కదా, రెండువైపులా అవే పెడితే 24 ఎంతకు దిగుతుంది?


పుష్పగిరి · మంగళవారం ఉదయం 9:10

రెండంచెలే మిగులుతాయి, 8కి దిగుతుంది. కానీ వెంటనే ఎగబడకు, గుత్తికోట గారిని మాట్లాడనీ.


గుత్తికోట · మంగళవారం మధ్యాహ్నం 1:30

1 జీబీ పేజీకి ఒకే చోట వరుసగా 1 జీబీ ఖాళీ మెమరీ దొరకాలి. సర్వర్ లేచి నాలుగు గంటలు నడిచాక అంత ఖాళీ వరుసగా దొరకడం కష్టం. అందుకే వాటిని బూట్ గీతలోనే రాస్తారు, "హ్యూజ్‌పేజ్‌ఎస్‌జడ్=1జీ" అని, పక్కనే ఎన్ని కావాలో. ఫ్లేవర్ మెమరీ కూడా పేజీకి సరిగ్గా భాగించాలి. 5,000 ఎంబీ అని రాసిపెట్టిన ఫ్లేవర్‌కు 1 జీబీ పేజీ కుదరదు. నెట్‌వర్క్ ప్యాకెట్లు మింగే డీపీడీకే లాంటి పనులకు 1 జీబీ వాడతారు. లెక్కల డేటాబేస్‌కు 2 ఎంబీ చాలు, ఇది నా అభిప్రాయం. 2 ఎంబీ పేజీలను కూడా బూట్‌లోనే కేటాయించు. నడుస్తున్న సర్వర్‌లో అడిగితే మెమరీ చీలికలై ఉండి అడిగిందానికన్నా తక్కువ ఇస్తుంది, అది కూడా నోరెత్తకుండా ఇస్తుంది.

హ్యూజ్ పేజీలకు ఇంకో గుణం ఉంది. ఒకసారి కేటాయిస్తే అది గిరి గీసినట్టే. స్వాప్‌కు (డిస్క్ మీదకు) పోదు, వేరే పనికి రాదు, ఉన్నదానికన్నా ఎక్కువ పంచే ఆట అందులో కుదరదు. ఎవరూ వాడకపోయినా హోస్ట్ దాన్ని ముట్టుకోలేదు.

దీంతో నాకో రాత్రి నిద్ర పోయింది, చెబుతా వినండి. అప్పట్లో నేను పనిచేసే చోట 256 జీబీలో 230 హ్యూజ్ పేజీలకు ఇచ్చేశా, ఏదో ఘనకార్యంలా. అదే సర్వర్‌లో పేజీ సైజు రాయని మామూలు వీఎంలు కూడా లేస్తుండేవి. మామూలు వీఎంను పెట్టేటప్పుడు నోవా చూసేది సర్వర్ మొత్తం మెమరీనే. అందులో 230 గిరిలో ఉందన్న సంగతి దానికి పట్టదు. 16 జీబీ వీఎం ఒకటి, ఇంకోటి, ఇంకోటి... రాత్రి రెండింటికి, మెమరీ అయిపోతే పనుల్ని చంపే ఓఓఎం కిల్లర్ లేచి, అందరికన్నా లావుగా కనిపించిన మామూలు వీఎం గొంతు పిసికింది. అది మా జీతాల వీఎం. నెలాఖరు. ఇక ఊహించుకోండి.

అప్పట్నుంచి హ్యూజ్ పేజీలున్న సర్వర్లు వేరు, మామూలు సర్వర్లు వేరు. హోస్ట్ అగ్రిగేట్ (సర్వర్ల గుంపు) పెట్టి, ఫ్లేవర్‌కు దాని గుర్తు కట్టేశా. మూడే సర్వర్లున్న నీకు అట్లా విడదీయడం కష్టమే. కలపక తప్పదంటే మామూలు వీఎంల ఫ్లేవర్‌లో కూడా "హెచ్‌డబ్ల్యూ:మెమ్_పేజ్_సైజ్=స్మాల్" అని రాయి. అప్పుడు నోవా వాటిని కూడా నోడ్‌వారీగా, పేజీవారీగా లెక్కగడుతుంది.


హంద్రీ_గట్టు · మంగళవారం రాత్రి 8:50

గుత్తికోట అన్నా, కాళ్లకు దండం. నూమా_నోడ్స్=2 పెట్టాక మూడోది లేచింది! రెండు రోజుల తలనొప్పి రెండు నిమిషాల్లో పోయింది.

కానీ ఇంకోటి. ముందు పాత ఫ్లేవర్‌లోనే ఆ గీత చేర్చి, ఆ ఫ్లేవర్‌తో నడుస్తున్న రిపోర్టుల వీఎంను రీబూట్ చేసి చూశా. ఏమీ మారలేదు, ఇంకా ఒక నోడే చూపిస్తోంది. ఎందుకు?


గుత్తికోట · మంగళవారం రాత్రి 9:15

వీఎం పుట్టినప్పుడు ఫ్లేవర్ నకలు దానికి అంటుకుపోతుంది. తర్వాత నువ్వు అసలు ఫ్లేవర్‌లో ఏం దిద్దినా పాత వీఎంకు తెలియదు. కొత్త పేరుతో కొత్త ఫ్లేవర్ చేసి, వీఎంను దానికి మార్చాలి, అంటే రీసైజ్ చేయాలి. నీకు హ్యూజ్ పేజీలున్న సర్వర్ ఒక్కటే కాబట్టి నోవా కాన్ఫిగ్‌లో "అలౌ_రీసైజ్_టు_సేమ్_హోస్ట్" నిజం అని పెట్టాలి, లేకపోతే మళ్లీ అదే నో వాలిడ్ హోస్ట్. పైగా రీసైజ్ చేసేటప్పుడు అదే సర్వర్‌లో పాతదానికీ కొత్తదానికీ కలిపి చోటు కావాలి. నీ దగ్గర అంత లేదు, మూడోదాన్ని కాసేపు తీసేయాల్సి వస్తుంది.

అయినా నన్నడిగితే రిపోర్టుల వీఎంను, డేటాబేస్‌ను రెండు నోడ్ల మీద పరచొద్దు. 64 జీబీ ఒక నోడ్‌లో సుఖంగా పడుతోంది, ఉండనీ. రెండు నోడ్లనేది పట్టనప్పుడు చేసే సర్దుబాటు, అలంకారం కాదు.


నల్లరేగడి · మంగళవారం రాత్రి 9:40

అందరూ సంబరపడుతున్నారు గానీ వేగం పెరిగిందా లేదా ఎవరూ చెప్పలేదు. లేచింది అంటే నడిచిందని కాదు కదా.

హంద్రీ గారూ, మూడు చూడండి. వీఎం లోపల టాప్‌లో "ఎస్‌టీ" అంకె, అంటే మీ వీసీపీయూ పనికి సిద్ధంగా ఉన్నా హోస్ట్ దానికి వంతు ఇవ్వని సమయం. హోస్ట్‌లో "నూమాస్టాట్ -పీ" పెట్టి డేటాబేస్ వీఎం మెమరీ ఏ నోడ్‌లో ఎంతుందో. ఆ తర్వాత "పర్ఫ్ స్టాట్" తో డీటీఎల్‌బీ లోడ్ మిస్సులు, అంటే పుష్పగిరి గారు చెప్పిన చీటీలో దొరకని చిరునామాలు. సీజన్ సాయంత్రం ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి. డిస్క్ వెయిట్ కూడా చూడండి, అది ఎక్కువుంటే ఈ చర్చంతా దండగ.


సీమ_బస్సు (హిందూపురం) · బుధవారం ఉదయం 10:05

మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. నేను వారానికి రెండు రోజులు బెంగళూరు, మిగతా రోజులు ఇంటి నుంచి. మావన్నీ పబ్లిక్ క్లౌడ్‌లోనే. ఈ పిన్నింగ్ (వీఎంకు ఫలానా కోర్లే కట్టేయడం), హోస్ట్ హ్యూజ్ పేజీలు మా చేతిలో ఉండవు కదా? మాలాంటివాళ్లం ఏం చేయొచ్చు?


గుత్తికోట · బుధవారం ఉదయం 11:20

హోస్ట్ వాళ్లది, దాని తాళం వాళ్ల దగ్గరే ఉంటుంది. నీ చేతిలో ఉన్నవి రెండే. వీఎం లోపల హ్యూజ్ పేజీలు పెట్టుకోవచ్చు, "ఎల్ఎస్‌సీపీయూ" కొట్టి నీకు ఎన్ని నోడ్లు చూపిస్తున్నారో చూసుకోవచ్చు. కొనేటప్పుడు వీసీపీయూ అంటే ఏమిటో అడుగు. అమెజాన్‌లో వాళ్ల సొంత ప్రాసెసర్ గ్రావిటాన్ రకమైతే ఒక వీసీపీయూ అంటే ఒక పూర్తి కోర్. ఇంటెల్ రకాల్లో ఎక్కువగా ఒక వీసీపీయూ అంటే ఒక థ్రెడ్, అంటే కోర్‌లో ఒక భాగం. ఇదీ ఎనిమిది వీసీపీయూలు, అదీ ఎనిమిది అని పక్కపక్కన పెట్టి ధర పోల్చితే మోసపోతాం.


సీమ_బస్సు · బుధవారం ఉదయం 11:32

ట్రాన్స్‌పరెంట్ హ్యూజ్ పేజీలు అని ఒకటుంది కదా, అది "ఆల్వేస్"లో పెట్టేస్తే అన్నీ వాటంతటవే అవుతాయని మా టీమ్‌లో ఒకాయన అంటున్నాడు. నిజమేనా?


పుష్పగిరి · బుధవారం మధ్యాహ్నం 12:50

కొంత నిజం. అందులో కర్నల్ తనంతట తానే చిన్న పేజీలను కలిపి పెద్దవి చేస్తుంటుంది. ముందే కేటాయించక్కర్లేదు, దొరికితే ఇస్తుంది, దొరక్కపోతే లేదు. కానీ ఆ కలిపే పని కోసం అప్పుడప్పుడూ మీ ప్రోగ్రాంను ఆపుతుంది. రెడిస్ అనే డేటాబేస్ వాడేవాళ్లకైతే దాన్ని ఆపేయమని రెడిస్ పత్రాల్లోనే ఉంది. "ఎంఅడ్వైజ్"లో పెడితే అడిగిన ప్రోగ్రాంకు మాత్రమే ఇస్తుంది. నేను అదే పెడతా. పోస్ట్‌గ్రెస్ పంచుకునే మెమరీకి మాత్రం లెక్కగట్టి విడిగా కేటాయిస్తా.


నిర్వాహకులు · బుధవారం మధ్యాహ్నం 2:00

ఉగ్గాని కర్నూలులో బాగుంటుందా అనంతపురంలోనా అనే నాలుగు సందేశాలను కబుర్ల విభాగానికి మార్చాం. అక్కడ కొట్టుకోండి. ఇక్కడ సర్వర్లు.


హంద్రీ_గట్టు · బుధవారం రాత్రి 10:20

రేగడి అన్నా, చూశా. డిస్క్ వెయిట్ పెద్దగా లేదు. రెండు నెలవారీ రిపోర్టులకు మాత్రం మీరన్నట్టు ఇండెక్స్ లేదు, పెట్టేశా, అందుకు థాంక్స్. నూమాస్టాట్‌లో డేటాబేస్ వీఎం మెమరీ మొత్తం నోడ్0లోనే ఉంది, బాగుంది. రెండో సర్వర్‌లో హ్యూజ్ పేజీలు లేని పాత వీఎంలకు అదే కమాండు పెడితే మెమరీ రెండు నోడ్లలో చెల్లాచెదురుగా ఉంది. ఇన్నేళ్లూ హంద్రీ దాటుతూనే ఉన్నాయన్నమాట!

కానీ సాయంత్రం ఎస్‌టీ అంకె ఇంకా కనిపిస్తోంది. అదే సర్వర్‌లో చిన్న వీఎంలు కొన్ని ఉన్నాయి, నోడ్0లో అన్నీ తోసుకుంటున్నట్టున్నాయి. పిన్ చేయాలా?


గుత్తికోట · బుధవారం రాత్రి 10:55

డేటాబేస్ ఒక్కదాన్నే చేయి. పిన్ చేశావంటే ఒక వీసీపీయూకు ఒక థ్రెడ్ రాసిచ్చినట్టే, అది ఖాళీగా ఉన్నా వేరేవాళ్లకు పోదు. మూడు సర్వర్ల ఆఫీసు అన్నిటినీ పిన్ చేసుకుంటూ పోతే నాలుగోది కొనాలి.

ముందు సర్వర్‌ను పంచు. ఒక కోర్‌లోని రెండు థ్రెడ్లకు వరుస అంకెలుంటాయని అనుకోవద్దు. సీపీయూ0 కింద టోపాలజీలో "థ్రెడ్_సిబ్లింగ్స్_లిస్ట్" చూడు, నీ సర్వర్‌లో బహుశా 0, 32 అని వస్తుంది. నేను మొదట్లో 0, 1 హోస్ట్‌కు వదిలి, ఒక కోర్ మొత్తం వదిలానని మురిసిపోయా. నిజానికి రెండు కోర్లలో సగం సగం వదిలా. వాటి జంటల మీద పిన్ అయిన వీఎం, హోస్ట్ పని చేసినప్పుడల్లా కుంటేది.

నీకైతే సాకెట్‌కు ఒక కోర్ హోస్ట్‌కు వదులు: 0, 32, 16, 48. డేటాబేస్ వీఎంకు 16 వీసీపీయూలు అనుకుంటా. నోవా కాన్ఫిగ్‌లో "సీపీయూ_డెడికేటెడ్_సెట్" 1-8, 33-40. అవి నోడ్0లో ఎనిమిది పూర్తి కోర్లు. మిగిలినవన్నీ, అంటే 9-15, 41-47, 17-31, 49-63, "సీపీయూ_షేర్డ్_సెట్"లో. ఒకే సర్వర్‌లో రెండు రకాలూ పెట్టుకునే ఈ సౌకర్యం 2019లో వచ్చిన ట్రెయిన్ విడుదల నుంచి ఉంది. అంతకుముందు "వీసీపీయూ_పిన్_సెట్" అని ఒకటే ఉండేది, పిన్ చేసిన వాటికీ చేయని వాటికీ ఒకే సర్వర్‌లో పొసిగేది కాదు. న్యూమా ఉన్న వీఎంలను ఆపకుండా వేరే సర్వర్‌కు లైవ్ మైగ్రేట్ చేయడం కూడా ట్రెయిన్ నుంచే.

కొత్త ఫ్లేవర్‌లో "హెచ్‌డబ్ల్యూ:సీపీయూ_పాలసీ=డెడికేటెడ్". థ్రెడ్ పాలసీ రాయకపోతే "ప్రిఫర్", జంట థ్రెడ్లు దొరికితే జంటగా ఇస్తుంది. "ఐసోలేట్" పెడితే కోర్‌కు ఒక థ్రెడ్డే వాడి రెండోదాన్ని ఖాళీగా వదిలేస్తుంది, నీకు అంత ఐశ్వర్యం లేదు. వీఎంను నడిపే క్యూఎము సొంత పనుల థ్రెడ్లు కూడా మామూలుగా ఈ పిన్ చేసిన కోర్ల మీదే తిరుగుతుంటాయి. "ఎమ్యులేటర్_థ్రెడ్స్_పాలసీ=షేర్" పెడితే అవి షేర్డ్ సెట్ వైపు పోతాయి.

ఒక హెచ్చరిక. ఈ సెట్లు నోవా వీఎంలకే. హోస్ట్‌లోని బ్యాకప్, లాగ్ పనులు డెడికేటెడ్ కోర్ల మీదకు రాకుండా ఇవి ఆపలేవు. దానికి సిస్టమ్‌డీలో సీపీయూ అఫినిటీ గానీ, బూట్‌లో ఐసోల్‌సీపీయూస్ గానీ వేరే పెట్టుకోవాలి.


పుష్పగిరి · గురువారం ఉదయం 8:30

అందరూ హోస్ట్ దగ్గరే ఆగిపోయారు. నా ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు. తమ్ముడూ, వీఎం లోపల హ్యూజ్ పేజీలు ఎన్ని?


హంద్రీ_గట్టు · గురువారం ఉదయం 9:15

అక్కా, ఇప్పుడే చూశా. సున్నా. కానీ పోస్ట్‌గ్రెస్ కాన్ఫిగ్‌లో "హ్యూజ్_పేజెస్" ట్రై అని ఉంది, ఉంటే వాడుకుంటుందిలే అనుకున్నా.


పుష్పగిరి · గురువారం ఉదయం 9:40

అదే అందరూ పడే గుంత. "ట్రై" అంటే దొరికితే వాడుతుంది, దొరక్కపోతే కిక్కురుమనకుండా 4 కేబీతో నడిచిపోతుంది. అసలు విలువే అది, ఎవరూ మార్చరు. నువ్వు ఇప్పటిదాకా 19 మెట్ల దగ్గర ఉన్నావు, 15 అనుకుంటున్నావు.

షేర్డ్ బఫర్స్, అంటే పోస్ట్‌గ్రెస్ పంచుకునే మెమరీ, ఎంతుంది? 16 జీబీ అయితే 8,192 పేజీలు, ఇంకా కొన్ని అదనంగా. కచ్చితంగా ఎన్నో పోస్ట్‌గ్రెస్ 15 నుంచి అదే చెబుతుంది: "షేర్డ్_మెమరీ_సైజ్_ఇన్_హ్యూజ్_పేజెస్" అని అడిగితే అంకె ఇస్తుంది, "పోస్ట్‌గ్రెస్ -సీ" తో అయితే డేటాబేస్ ఆపి అడగాలి. ఆ అంకెకు కొంచెం కలిపి వీఎంలోని కర్నల్ సెట్టింగుల్లో (సిస్‌కంట్రోల్) పెట్టు. తర్వాత హ్యూజ్_పేజెస్‌ను "ఆన్" చేయి. ఆన్ అంటే పేజీలు దొరకకపోతే డేటాబేస్ అసలు లేవదు. భయపడకు, మౌనంగా కుంటడం కన్నా లేవకుండా అరవడమే నయం. 17వ వెర్షన్ అయితే "హ్యూజ్_పేజెస్_స్టేటస్" అని చూపిస్తుంది కూడా.


నల్లరేగడి · గురువారం ఉదయం 10:02

ఇది నాకూ తెలియదు. మాదీ ట్రైలోనే ఉంది. ఇప్పుడే వెళ్లి చూసుకుంటున్నా, నవ్వకండి.


హంద్రీ_గట్టు · శనివారం రాత్రి 9:25

రెండు రోజులు కనపడలేదు, పనిలోనే ఉన్నా. ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు రాస్తా.

వీఎం లోపల పేజీలు పెట్టి ఆన్ చేశా. మొదటిసారి పోస్ట్‌గ్రెస్ లేవలేదు, అక్క చెప్పినట్టే అరిచింది, పేజీలు పది తక్కువ పెట్టా. సరిచేశాక లేచింది. పిన్నింగ్ గుత్తికోట అన్న చెప్పిన అంకెలతోనే. రీసైజ్‌కు నోడ్0లో చోటు చాలక, డేటాబేస్ వీఎంను తీసేసి కొత్త ఫ్లేవర్‌తో మళ్లీ పెట్టా. నిన్న సాయంత్రం ఎస్‌టీ సున్నా దగ్గరే ఉంది. అంగళ్ల నుంచి రోజూ వచ్చే ఫోన్లు నిన్న రెండే వచ్చాయి, అందులో ఒకటి పాస్‌వర్డ్ మర్చిపోయినాయనది. టీఎల్‌బీ మిస్సులు తగ్గాయి. ఏ మార్పు ఎంత ఇచ్చిందంటే మాత్రం చెప్పలేను, ఇండెక్స్, పేజీలు, పిన్నింగ్ మూడూ ఒకే వారంలో చేశా. రేగడి అన్న తిడతాడని తెలుసు.


నల్లరేగడి · శనివారం రాత్రి 9:41

తిట్టను గానీ, పిన్నింగ్ తీసేసి ఒక సాయంత్రం చూడండి. ఎస్‌టీ తిరిగొస్తే అది పిన్నింగ్ పుణ్యం, రాకపోతే ఎనిమిది కోర్లు ఊరికే కట్టేశారు.


హంద్రీ_గట్టు · శనివారం రాత్రి 10:10

చేస్తా. ఇప్పుడు అసలు సంగతి. ఉత్సాహం వచ్చి మిగతా రెండు సర్వర్లలో కూడా పెడదామని కూర్చున్నా. రెండోది మొదటిదానిలాగే ఉంది. మూడోదాంట్లో నూమాసీటీఎల్ కొడితే ఒక్క నోడే చూపిస్తోంది! అదే కంపెనీ, అదే మోడల్, అవే రెండు సాకెట్లు. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది మాత్రం అదొక్కటే.


గుత్తికోట · శనివారం రాత్రి 10:18

బయాస్‌లోకి, అంటే సర్వర్ లేచేటప్పుడు వచ్చే సెట్టింగుల్లోకి పో. మెమరీ సెట్టింగుల్లో "నోడ్ ఇంటర్‌లీవింగ్" ఆన్‌లో ఉంటుంది చూడు. అది ఆన్‌లో ఉంటే రెండు సాకెట్ల మెమరీని ముక్కలు ముక్కలుగా కలిపేసి, లినక్స్‌కు ఒకే ముద్దగా చూపిస్తుంది. అప్పుడు నోవాకు నోడ్లు కనపడవు, ఏ వీఎంను ఎక్కడ పెట్టినా సగం మెమరీ వంతెన అవతలే. ఆఫ్ చేయి. ముందున్నవాళ్లు ఏదో పాత సాఫ్ట్‌వేర్ కోసం పెట్టుకుని ఉంటారు.


హంద్రీ_గట్టు · శనివారం రాత్రి 10:24

రేపు ఆదివారం, అంగళ్లు మూసి ఉంటాయి. పొద్దున్నే వెళ్లి ఆపి చూస్తా. ఆ సర్వర్ గదిలో ఏసీ ఒకటి పని చేయడం లేదు, పదికల్లా బయటపడాలి.


కొత్త_విత్తు · శనివారం రాత్రి 10:30

అన్నా, నేను కర్నూలుకు బస్సెక్కి వస్తే చూడనిస్తారా? బయాస్ నేనెప్పుడూ నిజం సర్వర్‌లో చూడలేదు.


హంద్రీ_గట్టు · శనివారం రాత్రి 10:33

రా తమ్ముడూ. ఐదున్నరకు అక్కడ బస్సెక్కితే సరిపోతుంది. వచ్చేటప్పుడు స్క్రూడ్రైవర్ సెట్టుంటే తెచ్చుకో, మాది ఎవరో పట్టుకుపోయారు.